‘పార్క్‌డ్ డొమైన్’ని తెలుగులో ఏమందాం?

మా పద్యాల సైటు హోస్టింగు పని (సైటును నెట్లో ఉంచి నడిపించడం) ఇన్నాళ్ళూ మా అల్లుడు చూసేవాడు. ఇప్పుడు నా నెత్తిన పడింది. ఆ పనులన్నీ చేసే సీప్యానెల్ అనే పేజీ తెరిస్తే మెయిన్, సబ్, యాడాన్, పార్క్‌డ్ అని నాలుగు రకాల డొమైన్లు, అంటే సైటు పేర్లు! సబ్‌కి ‘ఉపడొమైను’ అని రాసుకున్నాను, వైరి సమాసమే అయినా. పార్క్‌డ్ అంటే షెడ్డులో పెట్టిన బండి లాంటిదనుకుని తీసిపారేశాను. పొద్దున్నించీ సైటు రావట్లేదని ఫోన్లు. ఇంతకీ ఆ మాటకి అర్థమేమిటి?

— మాస్టారూ, ఆ మాటే మోసం చేసింది. పేర్లు అమ్మేవాళ్ళ దగ్గర పార్కింగ్ అంటే కొని ఖాళీగా ఉంచిన పేరే. హోస్టింగులో అలా కాదు, అది పనిచేస్తూనే ఉంటుంది. డాట్ కామ్, డాట్ ఇన్ రెండూ కొన్నవాళ్ళు రెండోదాన్ని ఇలా కలుపుతారు. ఏది కొట్టినా అదే సైటు తెరుచుకుంటుంది. సీప్యానెల్ వాళ్ళే తర్వాత దాన్ని ‘ఏలియాస్’ అన్నారు. మనం ‘మారుపేరు’ అనొచ్చు. దానికంటూ వేరే ఫోల్డరు ఉండదు కనక మీ పద్యాలెక్కడికీ పోలేదు, మళ్ళీ చేర్చండి.

— మారుపేరులో దాపరికం వాసనుంది. మావైపు ‘పిలుపు పేరు’ అంటాం. బారసాలలో పెట్టింది ఒకటి, పిలిచేది ఇంకోటి, పలికేది ఒక్కడే.

— పిలుపు పేరు బాగుందండీ! ఉపడొమైనుకి టీఈ.వికీపీడియా.ఆర్గ్ చూడండి. ముందున్న ‘టీఈ’ కోసం వాళ్ళు వేరే పేరు కొనలేదు. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, ఇక్కడ వెనకాల. ఉత్తరం మీద చిరునామాలా చదువుకోవాలి, ఇంటి నంబరు ముందు, జిల్లా చివర. యాడాన్ అలా కాదు. పేరు విడిగా కొనాలి, ఫోల్డరు వేరు, సైటు వేరు. డిస్కు జాగా మాత్రం అదే ఖాతాది. ఒకే ప్రహరీలో రెండో ఇల్లు, బోరు ఒకటే. ‘అదనపు డొమైను’ అందామా?

— అదనపు అంటే నాకు కట్నమే గుర్తొస్తుంది. యాడాన్‌ని యాడాన్‌గానే ఉండనిద్దాం.

— పిలుపు పేరు తిరిగి చేర్చాను, సైటు వచ్చింది. ధన్యవాదాలు. తెలుగు లిపిలో డాట్ భారత్ పేరు కొంటే అదీ ఇలాగే కలపొచ్చా?

— కలపొచ్చు మాస్టారూ. కాకపోతే ప్యానెల్లో అది ‘ఎక్స్ఎన్’ అని, రెండు అడ్డగీతలతో మొదలై అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాల్లా కనబడొచ్చు. అదీ మీ పేరే, తీసేయకండి!