చదవమంటే గొడవ చేసే బాబు, రెండు నెలల్లో వెళ్లిపోవాల్సిన నేను

నీలిపెన్ను:
అందరికీ నమస్తే. ఆరు వారాలుగా ఒక ఆఫ్టర్‌స్కూల్ సెంటర్‌కి వాలంటీర్‌గా వెళ్తున్నా, వారానికి రెండు సాయంత్రాలు, గంటన్నర చొప్పున. ఈ పిల్లల అమ్మానాన్నలు చాలామంది రాత్రి దాకా పనిలోనే ఉంటారు, అందుకే బడి అయ్యాక ఇక్కడికే వస్తారు. నా గ్రూపులో పదేళ్ల బాబు ఒకడున్నాడు, లెక్కలప్పుడు బంగారం, నోటితోనే చకచకా చెప్పేస్తాడు, అదే కథల పుస్తకం తీయగానే పక్కవాడిని గిల్లడం, పెన్సిల్ విసిరేయడం, బాత్రూమ్ అని వెళ్లి పావుగంట రాకపోవడం. మొన్న అందరి ముందూ గట్టిగా అరిచేశా. వాడు తలొంచుకుని కూర్చున్నాడు, ఆ ముఖమే గుర్తొస్తోంది. ఇంకో సంగతి, నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది, రెండు నెలల్లో వెళ్లిపోవాలి, పిల్లలకి ఇంకా చెప్పలేదు. ఇప్పుడే మానేయడం మేలా, ఉన్నన్నాళ్లూ వెళ్లాలా?

చాక్‌పీస్:
వాడికి చదవడం సరిగ్గా రాదేమోనండి, ముందు అది చూడండి. గొడవ చేస్తే అల్లరోడు అంటారు, చదవలేకపోతే మొద్దు అంటారు, పదేళ్ల పిల్లాడు ఏది ఎంచుకుంటాడు చెప్పండి. మిగతా పిల్లలకి వినపడకుండా, కానీ అందరికీ కనపడే చోటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల పద్ధతి చాలా తేలిక, అక్షరాలు, పదాలు, చిన్న పేరా, చిన్న కథ, ఎక్కడ ఆగితే అక్కడినుంచి మొదలు. తరగతిని బట్టి కాకుండా ఆ స్థాయిని బట్టే గ్రూపులు చేస్తారు, ఆఫ్రికా దేశాల్లో కూడా ఇదే వాడుతున్నారు. నా దగ్గర ఒక పాప ఒత్తు కనపడితే చాలు ఆగిపోయేది, అఆలు పుస్తకం ఇస్తే ముట్టుకోలేదు, చిన్నపిల్లల పుస్తకం అని. అప్పుడు బొమ్మల కథ ఒకటి ఇచ్చి, ఎల్లుండి చిన్నవాళ్లకి నువ్వే చదివి వినిపించాలి, ప్రాక్టీస్ చేద్దామా అన్నా. ఒక్క రోజులో నాలుగుసార్లు చదివింది, అదే పుస్తకం, తనంతట తనే!
అరిచింది అందరి ముందు కదా, సారీ కూడా అందరి ముందే చెప్పండి.

పాతకుర్చీ:
నేను ఇలాంటిదే వేరే సెంటర్‌లో కోఆర్డినేటర్‌ని. దయచేసి చెప్పకుండా మాత్రం మాయమవ్వకండి. ఈ పిల్లల్లో కొందరికి ఇళ్లు మారడం, బళ్లు మారడం, మనుషులు చెప్పకుండా వెళ్లిపోవడం మామూలైపోయింది, ఆ లిస్టులో మనం కూడా చేరితే ఎలా. 2002లో గ్రాస్‌మన్, రోడ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక్కో పిల్లాడికి ఒక్కో పెద్దవాళ్లు తోడుండే మెంటరింగ్ మీద చేసిన అధ్యయనం ఉంది, ఏడాది, ఆపైన నిలిచిన జోడీల్లో పిల్లలకి ఎక్కువ మేలు జరిగింది, మూడు నెలల్లోపే తెగిపోయినవాటిలో పిల్లలకి తమ మీద తమకున్న నమ్మకం తగ్గింది. మీది గ్రూపు క్లాసు కాబట్టి అచ్చం అదే కాదు, కానీ జాగ్రత్త మాత్రం అదే. ఇవాళే మీ కోఆర్డినేటర్‌కి చెప్పండి, కొత్తగా వచ్చేవాళ్లు చివరి రెండు వారాలు మీ పక్కన కూర్చుంటే పిల్లలకి ఆ ముఖం అలవాటవుతుంది. నెల ముందే పిల్లలకి చెప్పి ఆఖరి రోజు క్యాలెండర్ మీద వాళ్లతోనే గుర్తు పెట్టించండి. మళ్లీ వస్తా, ఫోన్ చేస్తా లాంటి మాటలు ఇవ్వొద్దు. మీ నంబర్ ఇవ్వడం, వాళ్ల ఫొటోలు స్టేటస్‌లో పెట్టడం కూడా వద్దు.

సందెపొద్దు:
నెల ముందంటే మరీ చిన్నవాళ్లకి ఎక్కువేమోనండి, రోజూ ఏడుస్తారు, వాళ్లకి రెండు వారాలు చాలు. చెప్పాక ఆ బాబు అల్లరి ఇంకా పెరగొచ్చు, కోపమొచ్చినా ఆ వారం మాత్రం క్లాసు మానొద్దు.

నీలిపెన్ను:
నిన్న వెళ్లొచ్చా. అందరి ముందూ సారీ చెప్పా, "పర్లేదక్కా" అన్నాడు నేల చూస్తూ. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే పదాల దగ్గరే ఆగిపోయాడు, అక్షరాలన్నీ వచ్చు, ఒత్తులు, గుణింతాలు కలిస్తే రావట్లేదు, ఆరు వారాలు నేనది గమనించనే లేదు. చిన్నవాళ్ల కోసం అని చెప్పి బొమ్మల పుస్తకం ఇచ్చా. రెండు పేజీలు చదివాం, బాత్రూమ్ అని లేవలేదు. కోఆర్డినేటర్‌కి కూడా చెప్పేశా, ఆఖరి రోజు దాకా వెళ్తా.