సమస్యాపూరణం: చేయి విరుగ నదియె చేవ యయ్యె

నిర్వాహకులు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

చేయి విరుగ నదియె చేవ యయ్యె

విషయం బేస్‌బాల్. అందులోనూ ఒక్క మనిషే: పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) బిల్లీ వాగ్నర్. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని మేరియన్ ఊళ్లో 1971లో పుట్టాడు. పుట్టుకతో కుడిచేతివాటం. చిన్నప్పుడు ఆ కుడిచేయి రెండుసార్లు విరిగింది. అప్పుడు ఎడమచేత్తో విసరడం మొదలుపెట్టి, ఆ ఎడమచేత్తోనే 1995 నుంచి 2010 వరకు 16 సీజన్లు మేజర్ లీగ్‌లో ఆడాడు. 422 సేవ్‌లు (ఆధిక్యాన్ని నిలబెట్టి ఆట ముగించిన పిచర్‌కు దక్కే లెక్క), 903 ఇన్నింగ్స్‌లో 1,196 స్ట్రయిక్ అవుట్‌లు (మూడు స్ట్రయిక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం). సమస్యలోని విరోధం అతని జీవితంలోనే ఉంది కాబట్టి దాన్ని పరిహరించడానికి కల్పన అక్కర్లేదు, ఆట తెలిస్తే చాలు.

రెండు మాటలు ముందే చెప్పుకుందాం. మూడో పాదం చివర ద్రుతం (నకారం) పడితే సమస్య ‘జేయి’ అని మొదలవుతుంది. అది దోషం కాదు, జే-చే యతి చెల్లుతుంది. ‘చేవ’ అంటే మొదట చెట్టు మాను లోపల గట్టిపడిన భాగం, ఆ తర్వాతే బలం. ఆ మొదటి అర్థం మనసులో పెట్టుకుని రాస్తే పద్యానికి పట్టు వస్తుంది.

అరసున్న:
కుడికరమ్ము విరిగి గోడకు నెడమతో
బంతి విసిరి విసిరి బాలుఁ డెదిగె
వందమైళ్ళ జోరు వశమయ్యె బిల్లికిఁ
జేయి విరుగ నదియె చేవ యయ్యె.

గురులఘువు:
అరసున్న గారూ, గణాలు, యతులు సరిపోయాయి. కు-గో, బం-బా, వ-వ మూడూ చక్కగా పడ్డాయి. ‘కుడికరము’ మిశ్రసమాసం, ఇబ్బంది లేదు. చిక్కంతా ‘విరిగి’ దగ్గర. విరిగింది కరము, ఎదిగింది బాలుడు. ‘విరిగి’ లాంటి క్త్వార్థానికి రెండు క్రియలకూ కర్త ఒక్కరే ఉండాలి. ‘విరుగ’ అంటే వ్యాకరణం కుదురుతుంది కానీ సమస్యలోని మాటే మొదటి పాదంలోనూ వచ్చి చప్పబడుతుంది. ‘కుడికరమ్ము చెడఁగ’ అనండి. గణం చెడదు, అన్వయమూ నిలుస్తుంది.

విషయం మాత్రం సరిగ్గా పట్టుకున్నారు. పశువులకొట్టం గోడకు బంతి కొట్టి, తిరిగొచ్చిన బంతిని అందుకోవడం అతని సాధన. ఎడమచేత్తో విసిరేవాడికి గ్లవ్ కుడిచేతికి ఉంటుంది. అంటే విరిగి అతుక్కున్న చేయి ఖాళీగా కూర్చోలేదు, పట్టే పని నేర్చుకుంది. గోడ సాధనలో రెండు చేతులకూ పని ఉంది. ‘విసిరి విసిరి’ అన్న ఆమ్రేడితం అందుకే అక్కడ అందంగా ఉంది, తీసేయకండి.

అరసున్న:
ధన్యవాదాలండీ. ‘చెడఁగ’ అని సవరించుకున్నాను.

మూడో స్ట్రయిక్:
తొమ్మిదవ వరుసలో తోడేలువలె వచ్చి
మువ్వురను వెడల్చి ముగియఁ జేయు;
కుడిని కోలుపోయి గుఱి యెడమకు రాఁగఁ
జేయి విరుగ నదియె చేవ యయ్యె.

గురులఘువు:
మూడో స్ట్రయిక్ గారూ, మొదటి పాదంలో గణభంగం. తొమ్మి-దవవ-రుసలో అని విడగొట్టి చూడండి. ‘రుసలో’ రెండు లఘువులు, ఒక గురువు. అది సూర్యగణం కాదు. పైగా ‘వరుస’ అంటే ఆట తెలిసినవారికి బ్యాటింగ్ ఆర్డర్ తోస్తుంది, ఇన్నింగ్స్ తోచదు. ‘పాళి’ మంచి మాట: వంతు, పాలు. ఇక ‘కోలుపోయి’ అనడం నిజం కాదు. కుడిచేయి పోలేదు, అతుక్కుంది. ఇలా చూడండి:

తొమ్మిదవది యైన తుది పాళి యందున
మువ్వురను వెడల్చి ముగియఁ జేయు;
కుడికిఁ గట్లు కట్ట గుఱి యెడమకు రాఁగఁ
జేయి విరుగ నదియె చేవ యయ్యె.

తోడేలు పోయినందుకు బాధపడకండి. ‘మువ్వురను వెడల్చి’ మీదే, పద్యానికి ప్రాణం అదే. క్లోజర్ (చివర్లో దిగి ఆట ముగించే పిచర్) పని ఆ రెండు మాటల్లో వచ్చేసింది.

ఉత్పలిని:
నాదొక సందేహం. ముగ్గురిని అవుట్ చేసి ఆట ముగిస్తే సేవ్ వచ్చేసినట్టేనా? పద్యం చదివితే అలాగే అనిపిస్తోంది.

నాల్గుకుట్లు:
రాదండీ. సేవ్ 1969 నుంచి అధికారిక లెక్క. గెలిచిన జట్టు తరఫున చివరి బంతి వేసినవాడై ఉండాలి, గెలిచిన పిచర్‌గా లెక్కలో అతని పేరే రాసి ఉండకూడదు, కనీసం ఒక్క అవుట్ అయినా తీసి ఉండాలి. ఆ పైన ఈ మూడింటిలో ఒకటి కుదరాలి. ఒకటి, మూడు పరుగులకు మించని ఆధిక్యంతో దిగి కనీసం ఒక ఇన్నింగ్స్ వేయడం. రెండు, అతను దిగేసరికి స్కోరు సమం చేయగల పరుగు బేస్ మీదో, బ్యాట్ పట్టుకునో, తర్వాతి వంతుకు సిద్ధంగానో ఉండడం. మూడు, ఎంత ఆధిక్యమైనా కనీసం మూడు ఇన్నింగ్స్ వేసి ముగించడం.

వాగ్నర్ జీవితంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2003 జూన్ 11న యాంకీ స్టేడియంలో హ్యూస్టన్ ఆస్ట్రోస్ పిచర్లు ఆరుగురు కలిసి యాంకీస్‌కు ఒక్క హిట్టూ ఇవ్వలేదు. రాయ్ ఓస్వాల్ట్ గజ్జల్లో కండరం పట్టేసి రెండో ఇన్నింగ్స్‌లోనే తప్పుకుంటే మిగతా అయిదుగురు లాక్కొచ్చారు. తొమ్మిదో ఇన్నింగ్స్ వాగ్నర్‌ది. కానీ స్కోరు 8-0. అందుకే అంత గొప్ప ఆట ముగించినా అతని ఖాతాలో సేవ్ పడలేదు.

ఉత్పలిని:
బాగా తెలిసిందండీ. అయితే ‘మువ్వురను వెడల్చి ముగియఁ జేయు’ ఆ రోజుకూ సరిపోతుంది. పద్యంలో ‘సేవ్’ అన్న మాట లేకపోవడమే మేలయింది.

నాల్గుకుట్లు:
నా పూరణ:

నాల్గు కుట్ల పట్టు నడిమి వ్రేళ్ళను నిల్పి
వెనుక తిరుగుడిచ్చి విసరు బంతి
కుంగ దనిన యట్లు గుండెపైఁ గనిపించుఁ
జేయి విరుగ నదియె చేవ యయ్యె.

గురులఘువు:
నాల్గుకుట్లు గారూ, పద్యం నడక హాయిగా ఉంది. మొదటి మూడు పాదాలు ఫాస్ట్‌బాల్ మీద చిన్న పాఠంలా ఉన్నాయి. సమస్య మాత్రం వాటికి అతకలేదు, విడిగా నిలబడింది. బంతి గుండె ఎత్తున కనిపించడానికీ, చేయి విరగడానికీ మధ్య మీకు తెలిసిన లంకె పాఠకుడికి తెలియదు. మూడో పాదంలో కుడి ఎడమల ప్రస్తావన తప్పనిసరి. ఇంకొకటి, ‘నడిమి వ్రేళ్ళు’ అంటే ఏవి? చూపుడువేలు, నడిమివేలు కదా ఆ పట్టులో ఉండేవి.

నాల్గుకుట్లు:
నిజమేనండీ. వేళ్లు చూపుడుదీ నడిమిదీ. బంతి మీద కుట్టు గుర్రపు లాడం ఆకారంలో వంపు తిరిగే చోట, ఆ కుట్టుకు అడ్డంగా రెండు వేళ్ల కొసలూ ఆనాలి. బొటనవేలు సరిగ్గా కింద. అరచేతికీ బంతికీ మధ్య కాస్త సందు ఉండాలి. అరచేతిలోకి కూరితే వేగం చస్తుంది. వదిలేటప్పుడు చివరగా జారేవి ఆ రెండు వేళ్లే, వెనక్కి తిరుగుడు వచ్చేది వాటి లాగుడుతోనే. బంతి ఒక్క చుట్టు తిరిగేలోగా నాలుగు కుట్టువరసలు గాలిని కోస్తాయి, ఆ పేరు అందుకే.

‘కుంగ దనిన యట్లు’ అని జాగ్రత్తపడి రాశాను. బంతి పైకి లేస్తుందని చాలామంది అంటారు, అది తప్పు. వెనుక తిరుగుడు వల్ల గాలి బంతిని కొంత పైకి ఎత్తిపడుతుంది, కాబట్టి పడాల్సినంత పడదు. బ్యాటర్ కన్ను ఎక్కువ పడే బంతికి అలవాటు పడి ఉంటుంది, బ్యాట్ దాని కిందుగా పోతుంది. వాగ్నర్ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలే. పొడగరి చేతి నుంచి బంతి ఏటవాలుగా దిగుతుంది. పొట్టివాడు వేసే బంతి మరింత చదునుగా వచ్చి స్ట్రయిక్ జోన్ (బంతి స్ట్రయిక్‌గా లెక్కకొచ్చే మేర) పై అంచున తగులుతుంది. వంద మైళ్లంటే గంటకు 161 కిలోమీటర్లు. పిచర్ పలకకూ, బ్యాటర్ నిలబడే చోటున్న హోమ్ ప్లేట్‌కూ దూరం 60 అడుగుల 6 అంగుళాలు, అంటే 18.44 మీటర్లు. బ్యాటర్‌కు దక్కేది సెకనులో 10 వంతుల్లో 4 వంతులు. చూడడం, తేల్చుకోవడం, బ్యాట్ తిప్పడం అన్నీ అందులోనే.

గురులఘువు:
ఇంత విషయం ఉన్నవారు సమస్యను ఒంటరిగా వదలకూడదు. మీ మొదటి రెండు పాదాల్నే కొద్దిగా మార్చి, మూడోది కొత్తగా కట్టాను:

నాల్గు కుట్ల పట్టునను రెండు వ్రేళ్ళుంచి
వెనుక తిరుగుడిచ్చి విసరునట్టి
కుడికి లేని విద్య కుదిరె నెడమచేతఁ
జేయి విరుగ నదియె చేవ యయ్యె.

నాల్గుకుట్లు:
‘కుడికి లేని విద్య’ దగ్గర పద్యం లేచి నిలబడిందండీ. గుండెపైకి వచ్చే బంతి కోసం వేరే పద్యం రాస్తాను.

శల్యతంత్రం:
నేను చేయి అన్నదాన్ని ఎడమచేయిగానే తీసుకున్నాను.

మోచెయి నర మూడ ముడిచి వేఱొకదానిఁ
దొలిచి యెముకఁ గుట్టి తోడు నిలుప
ముప్పదెనిమిదింట మునుపటి జోరందెఁ
జేయి విరుగ నదియె చేవ యయ్యె.

గురులఘువు:
శల్యతంత్రం గారూ, ఈ దారి ఎవరూ తొక్కలేదు, సంతోషం. రెండు అభ్యంతరాలు. ‘వేఱొకదానిఁ దొలిచి’ అని చదివితే తొలిచింది నరాన్నే అనిపిస్తోంది. మీ ఉద్దేశం ఎముకను తొలవడం. రెండోది క్రమం. ముడివేయడం ముందు, తొలవడం తర్వాత అన్నట్టుంది. శస్త్రచికిత్స అలా జరగదు కదా? అదీగాక విరగడం ఎముకకు చెల్లుతుంది, నరం తెగుతుంది. ‘విరుగ’కు సమాధానం చెప్పాలి మీరు.

శల్యతంత్రం:
క్రమం నిజంగానే తారుమారైంది. మోచేతి లోపలి వైపు పైచేతి ఎముకను, ముంజేతి ఎముకను పట్టి ఉంచే బంధం ఒకటి ఉంటుంది. విసిరేముందు చేయి పూర్తిగా వెనక్కి వాలినప్పుడు మోచేయి లోపలి వైపు తెరుచుకోబోతుంది. ఆ బలాన్ని ఆపేది ఆ బంధమే. ఏళ్ల తరబడి లాగీ లాగీ అది పీచులు పీచులుగా విడిపోతుంది. చికిత్సలో ముందు రెండు ఎముకలకూ రంధ్రాలు తొలుస్తారు. మామూలుగా ముంజేతి నుంచో, తొడ వెనక నుంచో తీసిన స్నాయువును ఆ రంధ్రాల గుండా తరచూ 8 అంకె ఆకారంలో దూర్చి, బిగువు చూసి కుడతారు. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే వైద్యుడు టామీ జాన్ అనే పిచర్‌కు మొదటిసారి చేశాడు, అందుకే ఆ చికిత్సకు ఆ పిచర్ పేరు. దూర్చిన స్నాయువు ఎముకలో పాతుకుని బంధంగా మారాలంటే నెలలు పడుతుంది. తొందరపడి పూర్తి వేగంతో విసిరితే కొత్తది కూడా సాగిపోతుంది.

వాగ్నర్‌కు ఇది 2008 సెప్టెంబరులో జరిగింది. అంతకుముందు 2000లో తెగింది వేరు, అది ముంజేతిని వంచే కండరపు స్నాయువు. ఆ ఏడాది 15 సేవ్ అవకాశాల్లో 9 పాడయ్యాయి, తెగిన చేత్తో వేస్తే అంతే అవుతుంది. రెండింటినీ ఒకటిగా రాసేవాళ్లున్నారు కాబట్టి చెబుతున్నాను. 2009 ఆగస్టులో తిరిగి దిగాడు. 2010లో అట్లాంటా బ్రేవ్స్‌కు 37 సేవ్‌లు, 104 స్ట్రయిక్ అవుట్‌లు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు 1.43. అదే అతని చివరి సీజన్.

‘విరుగ’ మాటకొస్తే, కాలు విరిగింది, నడుము విరిగింది అని పని చెడిన ప్రతి అవయవానికీ అంటాం. ఆ వాడుకనే నమ్ముకున్నాను.

గురులఘువు:
వాడుక ఉంది, ఒప్పుకుంటున్నాను. ‘నరం’ కూడా అంతే. వైద్యుడికి నరం వేరు, స్నాయువు వేరు. జనం మాత్రం రెండింటినీ నరమనే అంటారు, పద్యంలో చెల్లుతుంది. క్రమం సరిచేస్తే:

మోచెయి నర మూడ మొదట నెముకఁ దొల్చి
తోడు నరముఁ దెచ్చి తొడిగి కుట్ట
ముప్పదెనిమిదింట మునుపటి జోరందెఁ
జేయి విరుగ నదియె చేవ యయ్యె.

ఎముకలో పాతుకుని గట్టిపడేది కాబట్టి ‘చేవ’కు మాను అర్థం ఈ పూరణలో ఒదిగినంతగా మరెక్కడా ఒదగలేదు. ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే.

ఉత్పలిని:
ఆలస్యంగా నాది కూడా.

పదవసారి యోట్లు పండి కొలువు దక్కె
నెడమవాటపు తుది నేర్పరికిని;
గోడఁ గొట్టు నాఁటి కూనకుఁ దెలియునే
చేయి విరుగ నదియె చేవ యయ్యె?

నాల్గుకుట్లు:
‘పండి’ అన్నది ఎంత సరైన మాటో చెప్పాలి. మేటి ఆటగాళ్ల గౌరవశాల హాల్ ఆఫ్ ఫేమ్‌కు 75 శాతం ఓట్లు కావాలి, జాబితాలో పదేళ్లకు మించి ఉండనివ్వరు. వాగ్నర్‌కు 2016లో 10.5 శాతం వచ్చింది. 2024లో 73.8, అయిదు ఓట్లు తక్కువ. 2025లో, పదవదీ ఆఖరుదీ అయిన అవకాశంలో, 82.5. అదే ఏడాది జులై 27న ఆ గౌరవశాల ఉన్న కూపర్స్‌టౌన్‌లో సత్కారం. ప్రధానంగా రిలీవర్‌గా (మొదటి పిచర్ తర్వాత దిగేవాడిగా) ఆడి అక్కడికి చేరిన ఎడమచేతివాటం పిచర్లలో అతనే మొదటివాడు. అన్నేళ్లు ఎందుకు పట్టిందంటే, 903 ఇన్నింగ్స్ చాలవని కొందరి వాదన. సీజన్ తర్వాత జరిగే అక్టోబరు నాకౌట్ ఆటల్లో అతను తేలిపోయిన మాటా నిజమే: 11 ఇన్నింగ్స్ పైచిలుకులో, తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటు 10.03, వరల్డ్ సిరీస్ మెట్టు ఎక్కనేలేదు. అటుపక్క, అతని బంతులకు బ్యాటర్ల సగటు 0.187. ఆ అంకె ముందు మిగతా వాదనలు నిలవవని నా నమ్మకం.

గురులఘువు:
ఉత్పలిని గారూ, ‘తుది నేర్పరి’ క్లోజర్‌కు మంచి తెలుగు, ఇకపై నేనూ వాడుకుంటాను. సమస్యను ప్రశ్నగా తిప్పడం మీ ఒక్కరికే తోచింది. ‘తెలియునే’ కళాంతం (చివర ద్రుతం లేనిది) కాబట్టి ‘చేయి’ మారకుండా నిలిచింది, సరళాదేశం బెడద లేదు. ఒక్క సవరణా అక్కర్లేదు.