సన్న ల్యాప్‌టాప్‌కి డీవీడీ డ్రైవ్ కొనాలా, డిస్కులన్నీ ఫైళ్లు చేసేసుకోవాలా?

గోదారిగట్టు:
మా పెళ్లి 2009లో. వీడియో ఆయన మూడు డీవీడీలు ఇచ్చాడు. టీవీ కింది ప్లేయర్ పోయింది. ఉన్న ల్యాప్‌టాప్‌లో డిస్కు పెట్టే చోటే లేదు, పైగా పాత ఆటమ్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్. కొన్న సినిమా డిస్కులు ఇంకో అరవై ఉన్నాయి. మా తమ్ముడు ఫైళ్లు చేసేయమంటాడు, మా ఆవిడ డ్రైవ్ కొనమంటుంది.

చిప్పుచిన్నోడు:
తమ్ముడిదే రైటు. అన్నీ హెచ్‌ఈవీసీలోకి, అంటే వీడియోని బాగా కుదించే కొత్త పద్ధతిలోకి, మార్చెయ్ బ్రో. 4.7 జీబీ డిస్కు ఒక జీబీకి దిగుతుంది, అంతా ఒక పెన్‌డ్రైవ్‌లో పడుతుంది.

పాతకాపు:
ఆ సలహా వింటే పెళ్లి వీడియో ఫొటో ఆల్బమ్ అయిపోతుంది. పాత ఆటమ్‌లో హెచ్‌ఈవీసీని విప్పే హార్డ్‌వేర్ లేదు. భారమంతా ప్రాసెసర్ మీద పడి బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. డీవీడీలో ఉండేది ఎంపెగ్-2 అనే పాత పద్ధతి, మన టీవీల పాల్ లెక్కలో బొమ్మ 720×576 చుక్కలే. పెంటియమ్‌ల కాలంలోనే ఆడింది, దీని మీద ఆడదా? పెళ్లి డిస్కులకి కాపీని ఆపే తాళం ఉండదు కాబట్టి డిస్కులోని వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో తెరవండి. మూడూ కలిపినా 15 జీబీ దాటదు. మళ్లీ కుదిస్తే పలచని మజ్జిగలో ఇంకో చెంబు నీళ్లు పోసినట్టే.

అయినా ఫైళ్లు చేయాలన్నా డ్రైవ్ కావాలి కదండీ! ముందు ఎవరిదైనా అడిగి తెచ్చుకోండి.

మూడోమెట్టు:
సినిమా డిస్కుల సంగతి వేరు. చాలావాటికి సీఎస్ఎస్ అనే ఆ కాపీ తాళం ఉంటుంది. 2012లో కాపీరైట్ చట్టంలో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు.

చిప్పుచిన్నోడు:
నా డబ్బుతో కొన్న డిస్కు నా ఇంట్లో చూసుకుంటే ఉల్లంఘన ఏంటండీ?

మూడోమెట్టు:
ఆ ఉద్దేశం అన్న మాట మీదే మీ వాదన నిలబడాలి. నేనైతే వాటి కోసం డ్రైవే కొంటాను. అమెరికా నుంచి ఎవరైనా డ్రైవ్ తెస్తామంటే మాత్రం రీజియన్, అంటే ఏ దేశాల డిస్కులు ఆడిస్తుందో చెప్పే అంకె, చూడండి. అక్కడిది 1, మనది 5. డ్రైవ్‌లో ఐదుసార్లే మార్చుకోనిస్తుంది.

పాతకాపు:
సినిమాల విషయంలో ఒప్పుకుంటా. విండోస్ 8 నుంచి డీవీడీ ఆడించే సరంజామా దాంతో రావడం లేదు, వీఎల్‌సీ వేసుకోవాల్సిందే. డిస్కు టక్కుటక్కుమంటూ తిరగకపోతే కరెంటు చాలట్లేదేమో. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లే. రెండు యూఎస్‌బీ పోర్టుల్లో గుచ్చే కేబుల్ వాడండి.

గోదారిగట్టు:
పక్కింటాయన డ్రైవ్ ఇచ్చారు. రెండు డిస్కులు కాపీ అయ్యాయి, బాగా ఆడుతున్నాయి. మూడోది చివర్లో, అప్పగింతల దగ్గర, ఆగిపోతోంది. మా ఆవిడకి కావల్సింది అదే, వాళ్ల నాన్న కనిపించేది అక్కడే.

పాతకాపు:
డిస్కు లోపలి నుంచి బయటికి రాస్తారు, చివరి భాగం అంచు దగ్గర ఉంటుంది. చేతివేళ్లు తగిలేదీ అక్కడే. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవండి, గుండ్రంగా కాదు. అప్పటికీ చదవకపోతే ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి, ఒకటి చదవనిది ఇంకోటి చదువుతుంది. ఆ వీడియో ఆయనకి కూడా ఒక ఫోన్ కొట్టండి, అసలు కాపీ ఉంచుకున్నాడేమో.