సమస్య: “ఇటుక తేలె నీట నేమి వింత”

మొన్న మావాణ్ణి రామప్ప గుడికి తీసుకెళ్లాను. 1213 నాటి గుడి, శిఖరం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక అని చెప్పానో లేదో, పాలంపేట నుంచి హన్మకొండ దాకా ప్రశ్నలే ప్రశ్నలు. అందుకే ఈ వారం ఈ సమస్య. ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, మిగతా మూడు మీవి. తల్లో తండ్రో పిల్లలతో మాట్లాడుతున్నట్టు ఉండాలి.

ములుగు సభ్యుడు:

వాన పడిన గుడియు పడవలా నీదునా
అనుచు నడిగె బుడత డదిరిపోతి
శిల్పి తెలివిఁ గాదె శిఖరాన రామప్ప
ఇటుక తేలె నీట నేమి వింత

జనగామ మాస్టారు: మొదటి పాదానికే వంద మార్కులు. గుడి ఈదదని బుడతడికి చెప్పండి, కింద అంతా రాయే, పైన శిఖరమే ఇటుక. మూడో పాదంలో చిక్కుంది. శిఖరాన నీళ్లెక్కడివి? “శిఖరాన రామప్ప” బదులు “శిఖరంపు తేలికౌ” అనండి, గణాలు (పాదంలోని లయ కొలతలు) చెడవు, యతీ (పాదం మొదటి అక్షరంతో నడుమ అక్షరం కలవడం) నిలుస్తుంది.

ములుగు సభ్యుడు: నిజమే సార్. కానీ రామప్ప పేరు తీసేస్తే మా ఊరోళ్లు నన్ను ఊర్లోకి రానియ్యరు!

కాజీపేట అక్క:

కాగితాన గీసి కడవలో నిడి బిడ్డ
అమ్మ! చూడు మనుచు నరచి పిలిచె
ఇదియు నిటుకె? యనగ, నెరుపు రంగున్నదే!
ఇటుక తేలె నీట నేమి వింత

నాకు ఇదే ఎక్కువ నచ్చింది. ములుగు పూరణలో “ఏమి వింత” అంటే ఎంత వింతో అని. ఇక్కడ పాప అడిగేది వేరు: ఎర్రగా ఉంది, ఇటుకే, తేలితే ఇందులో వింతేముందమ్మా అని.

పరకాల తమ్ముడు: అక్కా, ఇప్పుడు కడవ ఎవరింట్ల ఉంది? “కుండలో” అంటే పోదా?

జనగామ మాస్టారు: పోదు. యతికి “కా”కు “క” సరే, “కు” పొసగదు. హల్లు కలిస్తే చాలదు, అచ్చూ కలవాలి. ఆ కడవను అట్లనే ఉండనియ్యండి.

కాజీపేట అక్క: మా పెద్దోడు, పదేండ్లు, వాడూ రాస్తా అంటూ ఒక్క పాదం రాసి ఆగిండు: “పుస్తకమును జూసి చదివె నాన్న”. చూడండి మాస్టారూ.

జనగామ మాస్టారు: శభాష్! గణాలన్నీ కుదిరాయి. యతి ఒక్కటే తప్పింది, “పు”కు “చ” కలవదు. “పుస్తకమును జూసి పొగిడె నాన్న” అని మార్చమను.

కాజీపేట అక్క: చెప్పాను మాస్టారూ. మార్చనంటున్నాడు. “నాన్న చదివిండు గానీ పొగడలేదు కదమ్మా” అంటున్నాడు.