'నెసెసరీ' అంటే అవసరమా, అనివార్యమా? పోలీసు చట్టంలో ఒక మాట

పలకబలపం:
కాలిఫోర్నియాలో ఉంటున్న తెలుగు పెద్దవాళ్ల కోసం అక్కడి పీనల్ కోడ్ 835ఏ సెక్షన్‌కి తెలుగు వివరణ పత్రం తయారవుతోంది. 2019లో ఏబీ 392 (అసెంబ్లీ బిల్లు 392) చట్టం ఈ సెక్షన్‌ని మార్చింది. పోలీసు ప్రాణాంతక బలప్రయోగం చేయాలంటే అది 'నెసెసరీ' అయి ఉండాలంది. దీనికి అవసరం, అనివార్యం, తప్పనిసరి, గత్యంతరం లేని అని నాలుగు మాటలు అనుకున్నాం. ఏది సరి? 'ఇమినెంట్ థ్రెట్'కి 'తక్షణ ముప్పు' చాలుతుందా?

తర్జుమా:
'తప్పనిసరి' ముందు కొట్టేయండి. 'హెల్మెట్ తప్పనిసరి' అని రోజూ చదివేవాళ్లకి 'తప్పనిసరి బలప్రయోగం' అంటే పోలీసు కొట్టి తీరాలని అర్థమవుతుంది. 'అవసరమైన' మరీ పలచన. 'అవసరమైతే ఫోన్ చెయ్యి' అంటామే, ఆ స్థాయి. నా ఓటు 'గత్యంతరం లేని'కే.

నల్లకోటు:
తర్జుమా గారూ, మాట బలంగానే ఉంది కానీ చట్టం అంత దూరం వెళ్లలేదు. బిల్లు మొదటి రూపంలో 'నెసెసరీ'కి నిర్వచనం ఉండేది: సమంజసమైన మరో మార్గం లేకపోవడం. 2019 మే సవరణల్లో దాన్ని తీసేశారు. పెద్ద పోలీసు సంఘాలు వ్యతిరేకత మానుకున్నది ఆ తర్వాతే. ఆగస్టు 19న గవర్నర్ న్యూసమ్ సంతకం పెట్టిన పాఠంలో, 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న పాఠంలో, ఆ నిర్వచనం లేదు. 'గత్యంతరం లేని' అని రాస్తే చట్టసభ తీసేసిన షరతును తెలుగులో మనం తిరిగి పెట్టినట్టే. 'అనివార్యం'తోనూ ఇదే చిక్కు.

ఇంకోటి. ఏబీ 392తో బలప్రయోగానికి కొలమానంగా 'సమంజసం పోయి అవసరం వచ్చింది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. పాఠంలో రెండూ ఉన్నాయి: బలం అవసరమని అధికారి *సమంజసంగా నమ్మాలి*. ఆ నమ్మకాన్ని తూచేటప్పుడు, అప్పటికి అధికారికి తెలిసిన విషయాలన్నీ చూడాలి. కాల్పులకు ముందు అధికారి ఎలా నడుచుకున్నాడు, ఎదుటి మనిషి ఎలా నడుచుకున్నాడు అన్నవి కూడా అందులోకే వస్తాయి. దీన్ని 'ఆ పరిస్థితుల్లో' అని కుదిస్తే ట్రిగ్గర్ నొక్కిన క్షణమే మిగులుతుంది, ముందు జరిగిందంతా ఎగిరిపోతుంది.

తర్జుమా:
సరే, 'గత్యంతరం' వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఉత్త 'అవసరం'తో ఇబ్బంది తీరలేదు.

నల్లకోటు:
తీరలేదు, నిజమే. అరెస్టుల తీరు చెప్పే మన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్‌లోనూ ఇదే మాట ఉంది. అరెస్టును అడ్డుకుంటే పోలీసు 'అవసరమైన అన్ని మార్గాలూ' వాడొచ్చంటుంది. అక్కడ అది తలుపు తీసే మాట, కాలిఫోర్నియాలో తలుపు వేసే మాట. (మన సెక్షన్‌లో తలుపు వేసేది నాలుగో ఉపసెక్షన్: మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం మోపబడని మనిషిని చంపే హక్కు ఈ సెక్షన్ ఇవ్వదు.)

పలకబలపం:
అయితే 'అవసరమైతే' బదులు 'అవసరమైతేనే' అంటే? ఆ ఒక్క 'నే' పరిమితి పెడుతుంది, లేని షరతేదీ తేదు.

తర్జుమా:
భేష్. ఇక 'ఇమినెంట్'. 'తక్షణ' మనకు సాయానికి, చర్యకు అతుకుతుంది కానీ ముప్పుకు అంతగా అతకదు. 'ఆసన్న' అంటే దగ్గరపడింది, ఇంకా కాస్త వ్యవధి ఉంది. తెలుగులో దీనికి సిద్ధంగా ఉన్న మాట 'ముంచుకురావడం'. 'ముంచుకొచ్చే ముప్పు' అని మాత్రం రాయొద్దు. 'వచ్చే'లో రేపు కూడా ఉంది. ముందు ముందు ఏదో జరుగుతుందన్న భయం ఎంత పెద్దదైనా చాలదని చట్టమే చెబుతోంది. కాబట్టి 'ముంచుకొచ్చిన ముప్పు'.

నల్లకోటు:
దాని కింద మూడు గుర్తులూ విడిగా వేయండి: హాని చేసే సామర్థ్యం, అవకాశం, పైకి కనబడే ఉద్దేశం. మూడూ అప్పటికప్పుడు ఉండాలి. చేతిలో కత్తి ఉంది, మధ్యలో తాళం వేసిన ఇనుప గేటు ఉంది అనుకోండి. సామర్థ్యం ఉన్నా అవకాశం లేదు.

ఎవరి ప్రాణానికి ముప్పో తప్పకుండా రాయండి. 'ప్రాణాపాయం ఉన్నప్పుడు' అని మనం అలవాటుగా వదిలేస్తాం, వాక్యానికి లోటుండదు, చట్టానికి ఉంటుంది. ఆత్మహత్య చేసుకుంటానంటున్న మనిషి వల్ల ఇతరులకు ముంచుకొచ్చిన ముప్పు లేకపోతే, అతనికి అతనే ప్రమాదమన్న కారణంతో ప్రాణాంతక బలం వాడకూడదు. ఇంట్లోంచి అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసేవాళ్లకి ఈ ముక్క అన్నిటికన్నా ముఖ్యం.

'ప్రాణాంతక' పక్కన 'ప్రాణం పోయినా పోకపోయినా' అని కలపండి. చావుకో తీవ్ర గాయానికో గట్టి ప్రమాదం తెచ్చే ఏ బలమైనా అందులోకి వస్తుంది, తుపాకీ ఒక్కటే కాదు.

పలకబలపం:
'ముంచుకొచ్చిన ముప్పు'కు సంబంధించిన వాక్యం ఇలా కుదిరింది: "అధికారి ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు, లేదా తీవ్రంగా గాయపడే ముప్పు ముంచుకొచ్చి, దాన్ని అడ్డుకోవడానికి అవసరమని సమంజసంగా నమ్మితేనే ప్రాణాంతక బలప్రయోగం చేయవచ్చు."

నల్లకోటు:
బాగుంది. పారిపోతున్నవాడి సంగతి రెండో వాక్యంలో పెట్టండి, ఇందులో ఇరికించొద్దు. అక్కడ షరతులు వేరు: చేసిన ఘోర నేరంలో చావో తీవ్ర గాయమో జరిగి ఉండాలి, లేదా వాటి బెదిరింపు ఉండాలి. వెంటనే పట్టుకోకపోతే మరొకరిని చంపుతాడనో తీవ్రంగా గాయపరుస్తాడనో కూడా అధికారి సమంజసంగా నమ్మాలి. నేరం షరతు, నమ్మకం షరతు, ఈ రెండింటి మధ్య 'లేదా' పడిందంటే అర్థం తలకిందులవుతుంది. 'మరియు' వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా ఇక్కడ ఉంచేయండి.