కన్సోల్ టేబుల్‌కు తెలుగు మాట: అది బల్ల పేరా, ఊత పేరా?

సభ్యులందరికీ నమస్కారం. కొత్త ఇంటి వాకిలి దాటగానే గోడవార పెట్టుకునే కన్సోల్ టేబుల్‌కు తెలుగులో ఏదైనా మాట ఉన్నదా అని అనంతపురం సోదరి ఒకరు అడిగారు. ‘కుడ్యఫలకం’ అని ఒకరు, ‘గోడబల్ల’ అని మరొకరు జవాబిచ్చారు. ఇంగ్లీషులో కన్సోల్ అంటే ఓదార్చడం కదా, బల్లకూ ఓదార్పుకూ పొత్తేమిటని ఇంకొక మిత్రుడు సందేహపడ్డారు. ఆ సందేహం దగ్గరే అసలు సంగతి ఉన్నదని నాకు తోచింది గనుక అందరికీ కలిపి కొంచెం వివరంగా రాస్తున్నాను.

పోయిన వేసవిలో కడపలో మా ఇంటి పని జరుగుతున్నప్పుడు, లోపలి అమరికకు నమూనాలు గీసిచ్చిన అమ్మాయి ఒక కాగితం మీద ‘కన్సోల్’ అని రాసింది. ఆ కాగితం చూసిన వడ్లాయన పేరు గురించి ఒక్క మాటైనా అడగలేదు. టేపును గోడకు ఆనించి, 14 అంగుళాల గీత దగ్గర బొటనవేలు పెట్టి, ‘ఇది గోడకు కొట్టేదా సార్, కాళ్లమీద నిలబడేదా?’ అని మాత్రం అడిగినాడు. గోడకు కొట్టమని చెప్పి ఆ పూటకు ఊరుకున్నాను గానీ, తర్వాత ఈ మాట పుట్టుక గురించి చదువుకున్నప్పుడు, మూడు వందల ఏండ్లకు పైబడిన కథ అంతా ఆయన అడిగిన ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నదని తెలిసింది.

ఫ్రెంచివారి వాడుకలో కన్సోల్ మొదట బల్ల పేరు కాదు, అది కట్టడపు పనిలోని మాట. గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చి, పైనున్న చూరుపట్టీనో మిద్దె అంచునో విగ్రహాన్నో మోసే ఊతకు ఆ పేరు. చాలావరకు అది కిందికి వచ్చేకొద్దీ లోపలికి ముడుచుకునే వంకీ ఆకారంలో ఉంటుంది. 17వ శతాబ్దం చివరి రోజుల్లో ఫ్రాన్సులోని రాజమందిరాలలో అలాంటి వంకీ ఊతల మీద పాలరాతి పలకను నిలిపి, వెనుక అంచును గోడకు బిగించి, దానిని ‘కన్సోల్ మీది బల్ల’ అన్నారు. పలకకు పేరు ఊత వలన వచ్చింది. కాలక్రమంలో ముందువైపు రెండు కాళ్లు వచ్చి చేరినా, వెనుక కాళ్ల పని గోడే చేసేది కాబట్టి, గోడ నుంచి విడదీస్తే ఆ బల్ల తనంతట తాను నిలబడలేదు. ఎదురుగా కనబడే వైపంతా చెక్కడాలూ బంగారు పూతా ఉంటే, గోడవైపు ఉత్త కొయ్యగానే వదిలేసేవారు.

ఇక ఓదార్పు సంగతి. ఈ ఫ్రెంచి మాట పుట్టుక మీద పండితులలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. గట్టిపరచడం అనే అర్థమున్న మాట కుదించుకుపోయి ఇలా అయిందని ఒకటి. ఓదార్చేవాడు అనే అర్థమున్న ‘కన్సొలాతర్’ అనే మాటకు ఇది పొట్టి రూపమనీ, చర్చిలో పాటలు పాడేవారు కూర్చునే ఆసనాల దగ్గర అరలనూ కమ్మీలనూ మోసే చెక్కడపు మనిషి బొమ్మలకు మొదట ఆ పేరు ఉండేదనీ రెండవది. ఈ రెండవదానిని తెలుగువాడు సులభంగా ఒప్పుకోగలడు, ఎందుకంటే మన భాష కూడా సరిగ్గా ఇదే పని చేసింది. కాకరతీగకు పాతిన కర్రా ఊతే, కొడుకు దూరమైన తల్లికి పక్కింటావిడ చెప్పే మాటా ఊతే. కూలబోయే గోడకు దన్ను పెడతాం, కష్టంలో ఉన్నవాడికి దన్నుగా నిలుస్తాం. బరువు మోసేదాన్నీ, మనసుకు ఆసరా ఇచ్చేదాన్నీ ఒకే మాటతో పిలిచే అలవాటు మనకు ఇంతగా ఉన్నప్పుడు, బల్ల కింది ఊతకు ఓదార్చేవాడి పేరు వచ్చిందంటే ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు.

ఊత కోసం మనం ఫ్రాన్సు దాకా వెళ్లనక్కరలేదు. లేపాక్షిలో గానీ, తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయంలో గానీ మండపంలో నిలబడి తల పైకెత్తితే, స్తంభం తలమీద నుంచి ముందుకు సాగి, కొసన తామరమొగ్గలా కిందికి వేలాడుతూ, పైనున్న రాతిదూలాన్ని మోస్తున్న చెక్కడం కనబడుతుంది. శిల్పశాస్త్రంలో దానిని పోతిక అంటారు, మొగ్గ ఉన్నదానిని పుష్పపోతిక అంటారు. అది స్తంభానికి చెందినదే గానీ గోడకు కాదు; అయినా చేసే పని కన్సోల్ పనే. ఇళ్లలోకి వస్తే చిలుకకొయ్య ఉన్నది. గోడలోంచి చిలుక మెడలా బయటికి వచ్చి, కండువానో చేసంచినో మోసే ఆ కొయ్యకు సంస్కృతంలో నాగదంతమని పేరు. ఇవన్నీ గోడనుంచో స్తంభంనుంచో చేయి చాపి బరువు పట్టుకునే వస్తువులు.

మా జిల్లా పేరు మోసుకుని తిరిగే కడప బండను కూడా ఇక్కడ తలచుకోవాలి. పాత ఇళ్లలోని వంటింట్లో, గోడ కట్టేటప్పుడే నల్లటి నాపబండ అంచును గోడలోకి దూర్చి కట్టేవారు. కింద కాలు ఉండదు, పైన డబ్బాలూ బిందెలూ ఉంటాయి. పేరు తెలియకుండానే మనం చూస్తూ వచ్చిన కన్సోల్ అదే అనడానికి నేను వెనుకాడను. మా ఇంట్లో గోడకు కొట్టించిన దానిమీద కూడా పాలరాయి బదులు ఆ బండనే నున్నగా పాలిష్ పట్టించి వేయించాను. ఉదయం ఎండ వాకిట్లోంచి దానిమీద పడినప్పుడు, దానిపైనున్న ఇత్తడి చెంబు నీడ నీళ్లలో కనబడినట్టు కనబడుతుంది.

తర్వాతి చరిత్ర క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండులో 18వ శతాబ్దంలో రెక్కలు విప్పిన గద్ద పాలరాతి పలకను నెత్తిన మోస్తున్నట్టు చెక్కిన కన్సోల్ బల్లలు వాడుకలోకి వచ్చాయి. రెండు కిటికీల నడిమి గోడకు ఆనించి బల్ల పెట్టి, దానిపైన నిలువెత్తు అద్దం బిగించడం కూడా ఆ శతాబ్దపు అలవాటే. ముందు వెలిగించిన కొవ్వొత్తుల వెలుగు అద్దంలో పడి గది అంతా రెట్టింపు అయ్యేది. ఈ రోజు కూడా కన్సోల్‌పైన అద్దం పెట్టమని చెప్పడం ఆ కాలం నుంచి వచ్చినదే. అర్ధచంద్రాకారపు పలకలూ అప్పటివే. ఆ తర్వాత నాలుగు కాళ్లతో విడిగా నిలబడే సన్నటి బల్లకు కూడా అదే పేరు స్థిరపడింది, సోఫా వీపు వెనుక పెట్టే బల్లకూ పాకింది. చర్చి వాద్యపు మీటల పీఠం, నేలమీద నిలబెట్టే రేడియో పెట్టె, పిల్లలు ఆడుకునే వీడియో ఆటల యంత్రం, ఇవన్నీ కన్సోళ్లు అయిన తీరు వేరే చర్చకు తగినది.

ఇప్పుడు తెలుగు మాట. కుడ్యఫలకం వినసొంపుగా ఉన్నా, గోడకు బిగించిన శిలాఫలకమే మనసుకు వస్తుంది. పైగా ఆ మాట చెబితే వడ్లాయన పని మొదలుపెట్టలేడు. బల్ల మనకు పలకా అవుతుంది, కూర్చునేదీ అవుతుంది, రాసుకునేదీ అవుతుంది కాబట్టి దానిని వదులుకోవలసిన అవసరం లేదు. అయితే గోడబల్ల అంటే బడిలోని నల్లబల్ల అనుకునే ప్రమాదముందని నిన్న కర్నూలు ఉపాధ్యాయులు ఒకరు రాసినది న్యాయమైన అభ్యంతరమే. అందుకని నేను వడ్లాయన ప్రశ్ననే పట్టుకుని రెండు మాటలు ప్రతిపాదిస్తున్నాను. గోడకు కొట్టి, కింద ఊత పెట్టినదానికి ‘ఊతబల్ల’. నాలుగు కాళ్లమీద నిలబడి గోడను తాకీ తాకకుండా ఉండేదానికి ‘గోడవార బల్ల’. మొదటిది ఫ్రెంచి మాట పాత అర్థాన్ని నిలబెడుతుంది. రెండవది మనం ‘గోడవార నిలబడు’ అని రోజూ అనేదే.

నిన్న సాయంత్రం సొరుగు బిగించడానికి వచ్చిన వడ్లాయనతో ఊతబల్ల అని చూశాను. ఆయన క్షణం ఆగి, ‘దానికి కింద ఇనుప ఊతలు నాలుగు అంగుళాలు లోపలికి వేసినాను సార్, మీద మనిషి కూర్చున్నా కదలదు’ అన్నాడు. అర్థం అడగలేదు.