సర్టిఫికెట్ రెన్యూ అయింది, అయినా ఫోన్లలో గడువు తీరిందని వస్తోంది (పోస్ట్‌ఫిక్స్ + డవ్‌కాట్)

మెయిల్‌కాపరి:
అందరికీ నమస్కారం. మా చిన్న ఆఫీసు మెయిల్ సర్వర్ నేనే చూసుకుంటాను. మెయిల్ పంపడానికి పోస్ట్‌ఫిక్స్, ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ మెయిల్ అందించడానికి డవ్‌కాట్ 2.3, లెట్స్ ఎన్‌క్రిప్ట్ (ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ) సర్టిఫికెట్. ఈ రోజు తెల్లవారుజాము నుంచి ఎవరి ఫోన్‌లోనూ, ల్యాప్‌టాప్‌లోనూ మెయిల్ రావడం లేదు, సర్టిఫికెట్ గడువు తీరిపోయిందని చూపిస్తోంది. కానీ మెయిల్ పంపితే వెళ్తోంది! వెబ్‌మెయిల్ కూడా మామూలుగానే ఉంది. సర్టిఫికెట్‌ని తనంతట తానే రెన్యూ చేసే సర్ట్‌బాట్ ప్రోగ్రామ్‌ని అడిగితే నెల క్రితమే రెన్యూ అయింది, ఇంకా 60 రోజులు ఉంది అంటోంది.

డవ్‌కాట్ లాగ్‌లో 'ఎస్ఎస్ఎల్‌వీ3 అలర్ట్ సర్టిఫికెట్ ఎక్స్‌పైర్డ్' అని, పక్కన అలర్ట్ నంబర్ 45 అని ఉంది, కొన్ని లైన్లలో 46 కూడా ఉంది. ఎవరైనా పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఎస్ఎస్ఎల్ 3 వాడుతున్నారేమో అనుకుని కాన్ఫిగ్‌లో మినిమమ్ ప్రోటోకాల్ దాని తర్వాత వచ్చిన టీఎల్ఎస్ 1.2 అని పెట్టాను, ఏమీ మారలేదు. అందరూ పనిలో ఉన్నారు కదా అని సర్వర్ రీస్టార్ట్ చేయలేదు. చాలా టెన్షన్‌గా ఉంది, ఎక్కడ చూడాలో చెప్పండి.

టెర్మినల్‌తోడు:
ఇప్పటికి అందరి ఫోన్లలో 'అన్ని సర్టిఫికెట్లనూ అంగీకరించు' అని పెట్టించండి బ్రదర్, పని నడుస్తుంది, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

లాగ్‌చదువరి:
అది మాత్రం చేయకండి, దయచేసి. ఆ ఆప్షన్ పెడితే మధ్యలో ఎవరు ఏ సర్టిఫికెట్ చూపించినా ఫోన్ ఒప్పేసుకుని పాస్‌వర్డ్ ఇచ్చేస్తుంది. పైగా ఒకసారి పెట్టాక మళ్లీ తీయాలని ఎవరికీ గుర్తుండదు, నేను చాలాచోట్ల చూశాను.

మెయిల్‌కాపరి గారూ, జవాబు మీరు రాసిన దాంట్లోనే ఉంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలుగా ఇచ్చేది 90 రోజుల సర్టిఫికెట్, సర్ట్‌బాట్ దాన్ని ఇంకో 30 రోజులు ఉందనగా రెన్యూ చేస్తుంది. మీది నెల క్రితం రెన్యూ అయిందంటే పాతదాని గడువు సరిగ్గా ఇప్పుడే తీరాలి. అంటే డిస్క్ మీద కొత్తది ఉంది, డవ్‌కాట్ మాత్రం మొదలైనప్పుడు చదువుకున్న పాతదాన్నే మెమరీలో పెట్టుకుని ఇంకా చూపిస్తోంది. మినిమమ్ ప్రోటోకాల్ మార్చినా ఏమీ మారలేదన్నారు చూడండి, రీలోడ్ (ఆపకుండానే ఫైళ్లు మళ్లీ చదివించడం) చేసి ఉంటే అప్పుడే అంతా సర్దుకునేది, కాబట్టి ఆ మార్పు కూడా ఇంకా ఫైల్‌లోనే ఉంది.

పోస్ట్‌ఫిక్స్‌కి ఈ బాధ ఎందుకు లేదంటే, కనెక్షన్లు అందుకునే దాని ఎస్ఎమ్‌టీపీడీ ప్రాసెస్‌లు ఎక్కువసేపు బతకవు. డిఫాల్ట్‌గా 100 కనెక్షన్లు చూశాక, లేదా 100 సెకన్లు ఖాళీగా ఉంటే ముగిసిపోతాయి, కొత్తగా వచ్చిన ప్రాసెస్ ఫైల్‌ని మళ్లీ చదువుకుంటుంది. అందుకే పంపడం ఆగలేదు. వెబ్‌మెయిల్ అదే మెషీన్‌లో ఉండి, లోపలి నుంచే టీఎల్ఎస్ లేకుండా డవ్‌కాట్‌తో మాట్లాడుతుండొచ్చు.

ఆ 'ఎస్ఎస్ఎల్‌వీ3' అన్న మాట చూసి కంగారు పడకండి, టీఎల్ఎస్ పని చేసే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో ఆ మెసేజ్‌కి ఎప్పుడో పెట్టిన పేరు, అంతే. చూడాల్సింది నంబర్. 45 అంటే గడువు తీరిందని క్లయింట్ చెబుతోంది. 46 అంటే ఏదో కారణంతో నమ్మలేకపోయింది, కారణం చెప్పదు.

ఓపెన్ఎస్ఎస్ఎల్‌లోని ఎస్-క్లయింట్ అనే టెస్ట్ కమాండ్‌తో బయటి మెషీన్ నుంచి డవ్‌కాట్ పోర్ట్ 993కి కనెక్ట్ అయి చూడండి, వెరిఫై రిటర్న్ కోడ్ 10 (గడువు తీరింది) వస్తే నేను చెప్పిందే. తర్వాత డవ్‌కాట్‌ని రీలోడ్ చేయండి, రీస్టార్ట్ అక్కర్లేదు.

మెయిల్‌కాపరి:
అన్నా, కోడ్ 10 వచ్చింది! రీలోడ్ చేయగానే సగం మందికి మెయిల్ వచ్చేసింది, చాలా థాంక్స్. కానీ ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంకా రావడం లేదు, లాగ్‌లో ఇప్పుడు 46 ఒక్కటే కనిపిస్తోంది. ఐఫోన్లు బాగానే ఉన్నాయి. ఎస్-క్లయింట్‌లో ఇప్పుడు కోడ్ 21.

లాగ్‌చదువరి:
21 అంటే మొదటి సర్టిఫికెట్‌ని వెరిఫై చేయలేకపోయిందని, ఇలాంటి చోట దాదాపు ఎప్పుడూ ఇంటర్మీడియట్ (మీ సర్టిఫికెట్‌కీ ఫోన్ నమ్మే రూట్‌కీ మధ్య ఉండే సర్టిఫికెట్) అందకపోవడమే కారణం. కాన్ఫిగ్‌లో ఎస్ఎస్ఎల్ సర్ట్ లైన్ చూడండి, రెండూ కలిసి ఉండే ఫుల్‌చెయిన్ ఫైల్‌కి బదులు ఉత్త సర్ట్ ఫైల్ ఇచ్చి ఉంటారు. కొన్ని క్లయింట్లు లేని ఇంటర్మీడియట్‌ని సొంతంగా తెచ్చుకుంటాయి, కొన్ని ముందెప్పుడో చూసినదాన్ని దాచుకుని వాడతాయి, అందుకే ఒకరికి పనిచేసి ఇంకొకరికి చేయదు. ఆ లైన్‌లో ఫైల్ దారి ముందున్న < గుర్తు పోనివ్వకండి, 2.3లో అది ఉండాల్సిందే.

పోర్ట్‌587:
ఇంకో మాట, ఎస్-క్లయింట్‌తో 993 (మెయిల్ అందుకోవడం), 465 (పంపడం) పోర్టులకి నేరుగా కనెక్ట్ కావచ్చు, 587కి, 143కి మాత్రం స్టార్ట్‌టీఎల్ఎస్ (మామూలుగా మొదలైన కనెక్షన్‌ని టీఎల్ఎస్‌కి మార్చడం) ఆప్షన్ ఇవ్వాలి. ఇవ్వకపోతే 'రాంగ్ వెర్షన్ నంబర్' అని వస్తుంది, దాన్ని చూసి ఎన్‌క్రిప్షన్ సైఫర్లు మార్చుకుంటూ నేను ఒకసారి ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. సర్వర్ అక్కడ మామూలు టెక్స్ట్‌లో పలకరిస్తోంది, ఓపెన్ఎస్ఎస్ఎల్ దాన్ని టీఎల్ఎస్ అనుకుని చదువుతోంది, అంతే జరిగింది.

మెయిల్‌కాపరి:
నిజమే, పొద్దున కంగారులో ఫుల్‌చెయిన్ తీసేసి సర్ట్ ఫైల్ పెట్టింది నేనే. మళ్లీ మార్చి రీలోడ్ చేశాను, ఇప్పుడు కోడ్ 0, అందరికీ మెయిల్ వస్తోంది. రెండు నెలల తర్వాత ఇదే మళ్లీ రాకుండా ఏం చేయాలి?

లాగ్‌చదువరి:
సర్ట్‌బాట్ రెన్యూవల్-హుక్స్ ఫోల్డర్‌లో డిప్లాయ్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది. డవ్‌కాట్‌ని, పోస్ట్‌ఫిక్స్‌ని రీలోడ్ చేసే రెండు లైన్ల స్క్రిప్ట్ అందులో పెట్టి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వండి, రెన్యూ నిజంగా జరిగినప్పుడే అది నడుస్తుంది. దాంతోపాటు రోజుకోసారి బయటి మెషీన్ నుంచి 993, 465 రెండింటికీ కనెక్ట్ అయి అక్కడ కనిపించే గడువు తేదీ చూసే క్రాన్ జాబ్ (చెప్పిన వేళకి తనంతట తానే నడిచే పని) పెట్టుకోండి, 20 రోజుల కంటే తక్కువ ఉంటే మీకు మెసేజ్ రావాలి. ఆ మెసేజ్ ఇదే సర్వర్ మెయిల్‌కి కాకుండా వేరేచోటికి వచ్చేలా చూసుకోండి.